ఎదురు

కార్లు పోయాక హైవే అంతా సైకిళ్ల దారైంది. మా చెల్లెలు సుభాషిణి, అరవై దాటిన మనిషి, తుని నుంచి విశాఖకి ఒంటరిగా తొక్కుతానని బయల్దేరింది. భర్త పోయినదాన్ని, ఎవరు బయల్దేరినా నేను తలుపు చాటునే ఉంటాను.

సైకిలు కదల్లేదు. తొక్కేవాళ్ల గుండెదడ తగ్గి పచ్చదీపం వెలగందే ఇప్పటి సైకిళ్లు కదలవు.

"ఎదురుగాలికి భయమేస్తోందా?" అన్నాను లోపలి నుంచే.

"నువ్వు కనబడందే దడ తగ్గదక్కా. ఎదురు రా!"

"మతిపోయిందా నీకు? నేనా ఎదురొచ్చేది?"

"ముత్తైదువలంతా ఎదురొచ్చి పంపిన నా కాపురం ఏమైందో చూశావుగా. రా!"

తలుపు దాటి రోడ్డు మీదకి వెళ్లి చెల్లెలి ముందు నిలబడ్డాను. హ్యాండిల్ మీద పచ్చదీపం వెలిగింది. నా మొహం చూసి ఒక మనిషి గుండె కుదుటపడిందని యంత్రమే చెబుతోంది! చెల్లెలు గంట కొట్టుకుంటూ వెళ్లిపోయింది. నేను నడిరోడ్డులోనే నిలబడి ఉండిపోయాను.