తూములో పోసిన వేడినీళ్ళు

ఫెజ్ నగరపు పాతబస్తీలో వీధి సద్దుమణిగాకే లల్లా రఖియా తన పాటల్ని కంప్యూటర్‌లో రికార్డు చేసుకునేది. ప్రతి పాటలోనూ ఫ్యాను రొద చొరబడుతోందని ఆ రాత్రి మేస్త్రీ హమ్మాదీని పిలిపించింది.

హమ్మాదీ కంప్యూటర్ పెట్టె విప్పి, ఫ్యాను మరలు ఊడదీశాడు. "ఇనుమూ ఇనుమూ రాసుకుంటే మొత్తుకోక ఏం చేస్తుంది?" అన్నాడు. మరలకు బదులు బిగించే నాలుగు రబ్బరు మేకుల్ని వేడినీళ్ళలో వేసి మెత్తబరిచాడు. ఆ నీళ్ళు లోపలి వాకిట్లో తూములో గుమ్మరించాడు. మేకుల తోకల్ని రంధ్రాల్లోంచి పట్టకారుతో లాగి, అవి టప్పున కూర్చున్నాక కొసలు కత్తిరించి, స్విచ్ వేశాడు.

"ఏదీ, ఇంకా మోగుతూనే ఉందిగా!" అంది రఖియా.

హమ్మాదీకి రోషం వచ్చింది. కరెంటు వైరు పీకేశాడు. ఫ్యాను ఆగిపోయింది. రొద ఆగలేదు.

"చూశారా లల్లా!" చప్పట్లు కొట్టి నవ్వాడు. "ఇరవయ్యేళ్ళుగా చెయ్యి తిరిగినవాణ్ణి! నా పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు! ఆ చప్పుడు నా ఫ్యానుది కాదు!"

రఖియా నవ్వలేదు. రొద వాకిట్లోంచి వస్తోంది. సన్నగా, ఏడ్చే బిడ్డను ఎవరో జోకొడుతున్నట్టు.

"మేస్త్రీ, వేడినీళ్ళు పోసేముందు బిస్మిల్లా అన్నావా? కంటికి కనపడకుండా తూముల్లో కాపురముండే కిందవాళ్ళు తప్పుకోవద్దూ? వాళ్ళకీ పిల్లలుంటారు."

గెలిచిన నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే హమ్మాదీ నోరు తెరిచాడు.

వాకిట్లో జోల ఆగింది, అతని జవాబు వినడానికన్నట్టు.