వెనింగ్ తెరిచిన నోరు

జావాలోని యోగ్యకర్తలో చిత్రకళ ఎం.ఏ. చదువుతున్న వెనింగ్, చివరి పరీక్ష కోసం చనిపోయిన అమ్మమ్మ బొమ్మ వేసింది. బజారు మధ్యలో నిలబడి, నోరు బార్లా తెరిచి అరుస్తున్న అమ్మమ్మ. "ఆ నోరు మూయించు, పాసవుతావు," అన్నారు ప్రొఫెసర్. వెనింగ్ ససేమిరా అంది.

మర్నాడు కాలేజీ స్టూడియోకి వచ్చి చూస్తే బొమ్మలో నోరు మూసుకుని ఉంది. ఆమె మళ్ళీ తెరిచింది. రెండో రోజూ అంతే.

"తాళం వేసింది వేసినట్టే ఉంది తల్లీ, లోపలికి ఈగ కూడా పోలేదు," అన్నాడు కాపలా ముసలాయన పర్జిమన్. "ఆవిడకే ఇష్టం లేదేమో, వదిలెయ్యరాదూ?"

"మా అమ్మమ్మకా? బజారు కూల్చడానికొచ్చిన వాళ్ళని ఒక్క అరుపుతో వెనక్కి పంపిన మనిషి తాతా!"

పరీక్ష ముందు రాత్రి ఆమె లోపలే ఉండి గడియ వేసుకుంది. అర్ధరాత్రి వాన ఆగింది. ఆ నిశ్శబ్దంలో కాన్వాసు మీద కుంచె రాసుకుంటున్న చప్పుడు మెల్లగా, ఓపిగ్గా వినిపించింది. లైటు వేసింది. ఎవరూ లేరు. కుంచెలన్నీ ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. బొమ్మలో పెదవులు మాత్రం మూసుకుని, తడితడిగా మెరుస్తున్నాయి.

వెనింగ్ ఒళ్ళోంచి ఒక కుంచె తీసుకుంది. దాన్ని ఎర్రరంగులో ముంచింది.

"ఎవరివో గానీ, నువ్వు మూస్తూ ఉండు, నేను తెరుస్తూ ఉంటా. తెల్లారేదాకా నాకింకేం పని లేదు," అంది పైకే.

ఈసారి నోరు ఇంకా పెద్దగా వేసింది. ఆఖరి గీత దగ్గర, ఆ నోట్లోంచి వెచ్చటి ఊపిరి వచ్చి ఆమె వేళ్ళకు తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకోకుండానే ఆమె ఆ గీత పూర్తి చేసింది.