పింగాణీ నవ్వు

“ఈ తెలుపు మీ వయసుకి మరీ ఎక్కువవుద్దండి,” అంది డాక్టరమ్మ, నమూనా పళ్ళ పట్టీని దానియేలు గారి పెదవి దగ్గర పెట్టి చూస్తూ. “కొంచెం తగ్గిద్దామా?”

“తగ్గించొద్దండి. దూరం నుంచి కూడా కనపడాలి.”

పక్కనే కూర్చున్న కోడలు రెబెకాకి తల కొట్టేసినట్టయింది. డెబ్బై దాటిన మనిషి పళ్ళ మీద పింగాణీ పొరలు అతికించుకోడానికి రాజోలు నుంచి అమలాపురం రావడమే వింత. ఆయన బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ గారపట్టిన వంకర పళ్ళు కనపడకుండా మూతి బిగించుకునే టికెట్లు కొట్టారు. పెళ్ళి ఫొటోలో కూడా నవ్వలేదని అత్తయ్య పుష్పలత పోయేదాకా దెప్పుతూనే ఉంది.

“ఎన్నాళ్ళుంటాయండీ ఇవి?” అనడిగారు దానియేలు గారు.

“జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్ళ పైనే.”

“అన్నేళ్ళెందుకండీ. ఒక్కరోజు మెరిస్తే చాలు. ఆ రోజు ఊరంతా వస్తారు.”

“అయితే ఏదో విశేషమే,” అని నవ్వింది డాక్టరమ్మ. ముందు పళ్ళు పైపైన సన్నగా అరగదీసి, అచ్చు తీసుకుని, రెండు వారాలాగి రమ్మంది.

ఆ రెండు వారాలూ రెబెకా ఇంట్లోనే డిటెక్టివ్ అయిపోయింది. మావయ్యగారు తెల్ల సూటు కుట్టించి బీరువాలో దాచారు. పాస్టరు గారిని అరుగు మీద కూర్చోబెట్టుకుని గుసగుసలాడారు. ఆదివారం ఆరాధన అయ్యాక, పాటల బృందాన్ని నడిపే బేబి టీచరు గారిని మెట్ల దగ్గర ఆపారు. ఆవిడ భర్త పోయి చాన్నాళ్ళయింది. రెబెకా చెప్పు సరిచేసుకునే వంకతో అక్కడే వంగింది.

“ఆ రోజు మీరు కాదనకూడదండి.”

“అవేం మాటలండీ. మీరడిగితే కాదంటానా,” అంది టీచరు గారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

ఇంకేం కావాలి? రెబెకా ఖతార్‌లో ఉన్న మొగుడికి ఫోన్ కొట్టింది.

“మీ నాన్నగారు పెళ్ళి చేసుకుంటన్నారు.”

“ఎవర్ని?” అన్నాడు సుధీర్.

“బేబి టీచరు గార్ని.”

“మంచావిడే,” అన్నాడు. రెబెకా ఠక్కున ఫోన్ పెట్టేసింది.

నిజానికి ఆమెది కోపం కాదు, బాధ. రెండేళ్ళ కిందట అత్తయ్య పోయినప్పుడు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీకి ఆధార్ కార్డు ఫొటో తప్ప ఈమధ్య తీయించుకున్నదేదీ దొరకలేదు. అందులో ఆవిడ ఎవరినో తిట్టబోతున్నట్టుంది. అది తీసేదాకా మావయ్యగారు సెంటరు వైపు వెళ్ళలేక చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవారు. అంత ప్రేమ ఇంతలోనే ఆరిపోయిందా అనుకుంది రెబెకా.

పొరలు అతికించిన రోజు మావయ్యగారు అద్దంలో ఒక్కసారి చూసుకుని మళ్ళీ మూతి బిగించేశారు, నవ్వు ఖర్చయిపోతుందన్నట్టు. తిరిగొస్తూ రాజోలులో ఉదయ్ స్టూడియో ముందు ఆటో ఆపించారు. సూటు సంచిలోనే ఉంది. అది వేసుకుని లైట్ల ముందు కూర్చున్నారు.

అప్పుడు నవ్వారు.

కోడలై వచ్చాక రెబెకా ఆయన నవ్వు చూడడం అదే మొదలు. ఎంత బాగుందంటే, అలగడం మర్చిపోయి తనూ నవ్వేసింది. పోనీలే, ఈ వయసులో ఆయనకీ ఒక తోడుండాలి కదా అనుకుంది.

“అదిరిందండీ కండక్టరు గారూ. ఫ్లెక్సీ ఎంతలో వేయమంటారు?” అన్నాడు ఉదయ్.

“పెద్దదే వెయ్యి బాబూ. సెంటర్లో కట్టాలి.”

రెబెకా ఇక ఆగలేకపోయింది. “పక్కన టీచరు గారి ఫొటో కూడా వేయిస్తారా మావయ్యగారూ?”

“ఆవిడ ఫొటో ఎందుకమ్మా?” అన్నారాయన తెల్లబోయి. “ఆవిడ ఆ రోజు పాట పాడితే చాలు.”

“ఇంతకీ తేదీ ఏం వేయమంటారండీ?” అంటూ ఉదయ్ పెన్ను తీశాడు.

దానియేలు గారు జేబులోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టారు. “పుట్టిన తేదీ ఇందులో ఉంది, చూసి వేసెయ్యి. ఫొటో మాత్రం ఇందులోది వద్దు.”

“ఆయ్, అలాగేనండీ. మరి ఫంక్షను తేదీ?”

దానియేలు గారు కొత్త పళ్ళన్నీ కనపడేలా మళ్ళీ నవ్వి, రెబెకా భుజం మీద చెయ్యి వేశారు.

“ఆ రెండో తేదీ నేను పోయాక మా కోడలొచ్చి చెబుద్ది.”