గౌరవ్వ దీవి

లచ్చన్నకు పొద్దున తల్లి రాయించిన కార్డు వచ్చింది. మూడోది కూడా ఆడపిల్లేనట, గౌరవ్వ అని పేరు పెట్టారట. కోడల్ని తల్లిగారింటికి పంపేస్తామని, మగబిడ్డ కోసం ఇంకో పెళ్ళికి ఒప్పుకుంటూ వెంటనే రాయమని అందులో ఉంది.

లచ్చన్న కూలికొచ్చిన అరబ్బు దేశంలో, కల్బా రేవు ఎదుట సముద్రంలో రాళ్ళు పోసి మూడెకరాల కొత్త దీవి కడుతున్నారు. మధ్యాహ్నం తిండి దగ్గర, రాళ్ళు మోసే బార్జి పడవ నడిపే గ్రీకు కెప్టెన్ స్టావ్రోస్ తనకొచ్చిన హిందీలో వాళ్ళ దేశం కబుర్లు చెప్పాడు. అక్కడ దీవికో సముద్రకన్య ఉంటుందట. రోడ్స్ అనే పెద్ద దీవికి సముద్రుడి కూతురు రోదే పేరే పెట్టారట.

లచ్చన్న రొట్టె నమలడం ఆపాడు.

"బిడ్డ పేరా? ఆయనకు కొడుకులు లేకుండెనా, సాబ్?"

"బోలెడు మంది. అందరూ తగాదాకోరులు. వాళ్ళ పేర్లు ఎవడిక్కావాలి?"

"మరి మన దీవికి?"

"నాలుగో నంబరు. దీనికి ఏ కన్యా లేదు. నీ దగ్గరుంటే పెట్టుకో. యల్లా, ఇక పనికి పద!"

లచ్చన్న రాళ్ళకు గుర్తులేసే ఎర్రరంగు డబ్బా అందుకుని అన్నిటికన్నా పెద్ద రాయి ఎక్కాడు. మూడక్షరాలు రాశాడు. వాటిని చూసుకుంటూ గంతులేసి, జారి సముద్రంలో పడ్డాడు. కెప్టెన్ తాడు విసిరి లాగుతున్నంతసేపూ నీళ్ళు మింగుతూనే నవ్వాడు.

తడి బట్టలతోనే కూర్చుని జవాబు రాశాడు.

"అమ్మా, పెండ్లి ముచ్చట ఖలాస్. నీ కోడల్ని ఇంట్ల నుంచి కదిలియ్యకు. ఈ కార్డు పటేల్ ముంగట గట్టిగ చదివిపియ్యి. మన గౌరవ్వ పేరు మీద ఈడ మూడెకరాల జాగ అయ్యింది. కొడుకుల పేరు మీద మనింట్ల ఎవలికీ గుంట గూడ లేదు."