దోర్కా చేతి ఘాటు

ఎక్సైజు ఇన్‌స్పెక్టరు ఆ పూటే వస్తానన్నాడు. విల్‌ఫ్రెడ్ పొద్దున్నే గడ్డం గీసుకుని, రిటైరైన నాటి కోటు తొడుక్కుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆయన రైలింజను డ్రైవరుగా రిటైరై ఏడాదైంది. అప్పట్నుంచీ ఒకటే కల. పెళ్లాం దోర్కా చేసే వైనుని సుభాష్‌పల్లిలోని తమ ఇంట్లోనే అమ్మాలి. దొంగచాటుగా కాదు, లైసెన్సు గోడకి తగిలించి, దర్జాగా. ఎవరు చేసిన వైను వాళ్లు చేసినచోటే అమ్ముకోవచ్చనీ, కానీ దానికి సవాలక్ష షరతులున్నాయనీ ఎక్సైజు ఆఫీసు చుట్టూ తిరిగి తెలుసుకున్నాడు. బయటి సరుకు ఒక్క సీసా కూడా ఉండకూడదట. రుచి చూపించడానికి విడిగా గది ఉండాలట. దాంతో పడకగది కాస్తా రుచిగది అయిపోయింది. మంచం వరండాలోకొచ్చింది. డిసెంబరు చలిలో మొగుడూపెళ్లాలు దుప్పటి కోసం కొట్టుకుంటున్నారు.

"ఎందుకండీ ఈ లైసెన్సు గోల?" అని దోర్కా మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. "క్రిస్మస్‌కి నలుగురికీ పోసుకుంటన్నాం. సాలదా?"

"నీకేటి తెలుసే? నీ సేతి మహిమ నీకే తెల్దు."

మహిమే మరి! పక్కింటి ఎమిలీ వైను వారాల తరబడి జాడీలో ఊరాలి. దోర్కా వంటింటి తలుపేసుకుని, ప్రార్థన చేసుకుంటూ, లవంగాలూ అల్లమూ మాడ్చిన పంచదారా వేసి రెండ్రోజుల్లో దించేస్తుంది. గుటక దిగితే చెవుల్లోంచి ఆవిరొస్తుంది. మొదటి గ్లాసుకి విల్‌ఫ్రెడ్ పాట అందుకుంటాడు. రెండో గ్లాసుకి అత్తగారిని క్షమించేస్తాడు. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు గోవిందరావైతే మర్నాడు తలనొప్పని కొట్టే తెరవడు.

అంతకన్నా పెద్ద మహిమ ఇంకోటుంది. డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లు మిషన్‌లోకి ఊదాలి. చుక్క పడినా పట్టేస్తుంది. ఎంతమంది ఉద్యోగాలు ఊదేసిందో! విల్‌ఫ్రెడ్ మాత్రం క్రిస్మస్ పూట గ్లాసు ఎత్తేసి మరీ వెళ్లి ఊదేవాడు. మిషను కిక్కురుమనేది కాదు.

"ప్రార్థన సేసిన సరుకురా. మిషనుకి దొరకదు," అని తోటి డ్రైవర్ల దగ్గర మీసం తిప్పేవాడు.

దోర్కా మాత్రం టిఫిన్ డబ్బా చేతికిస్తూ రోజూ ఒకటే మాట అనేది. "జాగర్తండీ. మీ ఇంజినెనకాల ఎయ్యిమంది నిద్దరోతుంటారు."

ఇప్పుడాయన బెంగంతా ఒక్కటే. వైను ఘాటు ఇంతకి మించకూడదని రూలు. దోర్కా వైను మించిపోతే? ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి న్యూ సెటిల్‌మెంట్ దాకా రైల్వే కాలనీలన్నిట్లో చాటింపు వేసేశాడు. తలెక్కడ పెట్టుకుంటాడు?

"కాసిన్ని నీళ్లు కలపవే. నీకు దండమెడతాను."

"ఏటక్కర్లేదు. మీరూరుకోండి," అని దోర్కా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనకి ఒళ్లు మండింది.

ఇంతలో బెంగాలీ ఇన్‌స్పెక్టరు సాహా బాబు దిగనే దిగాడు. సాక్ష్యానికి పిలిచిన ఎమిలీ, గోవిందరావు అప్పటికే రుచిగది ఎలా ఉందో చూసే నెపంతో చెరో రెండు గ్లాసులు లాగించి ఉన్నారు.

సాహా బాబు ముందు గుమ్మం మీది బోర్డు చూశాడు. వైను అని రాయించబోతే, బైబిల్లో మాటే బాగుంటుందని దోర్కా పట్టుబట్టి 'ద్రాక్షారసం' అని రాయించింది.

"దీనర్థం ఏంటి దాదా?" అని హిందీలో అడిగాడు.

"అంగూర్ కా రస్!" అన్నాడు గోవిందరావు, ఊగుతూ.

"నీ నోట్లో మన్నెయ్యా!" అని అతణ్ని పక్కకి నెట్టాడు విల్‌ఫ్రెడ్. "వైనే సార్. మా బైబిల్లో వైనుని అలాగే అంటారు."

సాహా బాబు జాడీలోంచి కాస్త తీసి, చిన్న మిషన్‌లో పోసి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. సెల్లులు మార్చి మళ్లీ చూశాడు. తలెత్తి గోవిందరావుని చూశాడు. గోవిందరావు కళ్లు మూసుకుని పద్యం రాగం తీస్తున్నాడు. ఎమిలీని చూశాడు. కుళాయి దగ్గర తగువాడి నెల్లాళ్లుగా మాటల్లేని దోర్కాని కావలించుకుని, "నువ్వు దేవతవే వొదినా," అని ఏడుస్తోంది. సాహా బాబు మళ్లీ మిషన్‌ని చూశాడు.

అయిపోయింది, ఘాటుకి మిషనే చచ్చింది అనుకున్నాడు విల్‌ఫ్రెడ్. భయం తట్టుకోలేక తనూ ఒక గ్లాసు ఎత్తేశాడు. వెంటనే ఎక్కడలేని ధైర్యం వచ్చింది. దాంతోపాటు స్టెప్పులూ వచ్చాయి.

"సార్, ఎక్కువైతే చెప్పండి! బకెట్టు నీళ్లు కలిపేస్తాను!" అంటూ ఇన్‌స్పెక్టరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

దోర్కా ఆయన్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

సాహా బాబు గ్లాసులో కాస్త పోసుకుని, తాగి, చప్పరించి, దోర్కా వంక చూశాడు. దోర్కా తలొంచుకుంది.

"సారీ దాదా. లైసెన్సు ఇవ్వలేను."

విల్‌ఫ్రెడ్‌కి ఏడుపొచ్చేసింది. "అంత ఘాటుందా సార్?"

"మీ బోర్డుకి ఆ బట్టల కొట్టాయన చెప్పిన అర్థమే కరెక్టు దాదా," అన్నాడు సాహా బాబు మిషను సంచిలో పెట్టుకుంటూ, "ఉత్త ద్రాక్షపళ్ల రసం అమ్ముకోడానికి లైసెన్సెందుకు?"