ముక్కుకు తగ్గ డాక్టరు

“చున్నీ తీయమ్మా, ముక్కు చూడాలి,” అన్నాడు హిమాయత్‌నగర్ డాక్టరు.

“ముందుగాల మాట్లాడుదం సార్. స్కానింగ్ ఇందుల ఉన్నది,” అంటూ జ్యోత్స్న ఫోను ముందుకు తోసింది.

స్కూటీ మీద తిరిగే అమ్మాయిలందరిలాగే ఆమె కళ్ళు తప్ప మొహమంతా చుట్టేసుకుంది. డాక్టరు అర్థమైనట్టు తలూపాడు. సిగ్గుపడే పిల్లల్ని రోజూ చూసేవాడే. స్కానింగ్ బొమ్మను అటూ ఇటూ జరిపి, ఎముక బాగానే విరిగిందన్నాడు. గోడ మీద నవ్వుతున్న మోడల్‌ను చూపించాడు.

“కంగారేం లేదు. పాత ముక్కు సంగతి మరిచిపోండి. దాన్ని తలదన్నే ముక్కు ఇస్తాను.”

జ్యోత్స్న ఠక్కున లేచింది. “గట్లయితె వద్దు సార్.”

బయటికొచ్చాక మహేశ్వరి తల పట్టుకుంది. అశోక్‌నగర్ హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. గ్రూప్స్ పరీక్షకు ఒకే పుస్తకాలు. జ్యోత్స్న కుడిచేతి వేళ్ళకు కట్టు ఉండటంతో ఇవాళ స్కూటీ నడపడం కూడా మహేశ్వరి పనే అయింది.

“ఏందే నీ బాధ? మునుపటి కంటె మంచిగ చేస్త అన్నడు గద!”

“అందుకే వద్దు.”

మొన్నటి నుంచీ ఆమెకు బుద్ధులు చెప్పనివాళ్ళు లేరు. తల వంచుకుపోతే అందరికీ మంచిదన్నాడు హాస్టల్ ఓనర్ భానుప్రకాశ్. “ఆడోళ్ళకు గివన్ని మామూలే బిడ్డా,” అని వంటమనిషి బుగ్గమ్మ ఓ గరిటె పప్పు ఎక్కువేసింది. ఊళ్ళోంచి తల్లి లక్ష్మవ్వ ఫోన్లో ఏడ్చింది.

“జర తల దించుకుంటె ఏం పోతది బిడ్డా? కోచింగ్‌కని పంపిన పైసలు ముక్కుకు పెడ్తవా?”

“పెడ్త. తల మాత్రం దించ,” అని పెట్టేసింది జ్యోత్స్న. కోపం ముక్కు మీదే ఉండే పిల్ల.

పెట్టేశాక మాత్రం మంచం మీద కూర్చుని లెక్కలు వేసుకుంది. ఆ డబ్బు పోతే ఈ యేడు కోచింగ్ లేదు. లైబ్రరీలో దొరికిన పుస్తకాలతోనే గట్టెక్కాలి, లేదా మూట సర్దుకుని ఊరికి పోవాలి. ఏడుపొచ్చింది. తలెత్తుకు తిరగలేనిదాన్ని రేపు ఆఫీసరునై ఎవరికేం న్యాయం చేస్తానులే అనుకుని కళ్ళు తుడుచుకుంది.

నారాయణగూడలో డాక్టరు కుర్రవాడు. మోడళ్ళ గొడవ లేదు. స్కానింగ్ శ్రద్ధగా చూశాడు. మహేశ్వరికి ప్రాణం లేచొచ్చింది.

“ఎలా ఉండేదో అలాగే తెచ్చేస్తాను. దెబ్బ తగిలిందని కన్నతల్లి కూడా కనిపెట్టలేదు,” అన్నాడు.

“అద్దంల చూసుకుంటె గూడ తెల్వదా సార్?”

“అస్సలు తెలీదు. ఏమీ జరగనట్టే ఉంటుంది.”

ఆ మాటకు జ్యోత్స్న కళ్ళు ఎర్రబడ్డాయి. “ఏం జరగనట్టు ఎట్లుంటది సార్? జరిగింది గద!”

డాక్టరు బిత్తరపోయేలోగా ఆమె మెట్లు దిగిపోయింది. మహేశ్వరి వెనకాలే పరుగెత్తింది.

“నీకు పిచ్చి లేసిందే! పొద్దుమీకేలోపు డాక్టర్‌ను చూసుకుంట అని అందరి ముంగట నువ్వే అంటివి. గిట్ల ఒక్కొక్కరిని వద్దనుకుంట పోతె ఎట్లనే?”

“ఇంకొక్కల దగ్గరికి పోదం. గాయన గూడ గిట్లనే అంటె నీ ఇష్టం.”

ఆ ఇంకొకరు చిక్కడపల్లి సందులో, మందుల షాపు పైన ఉన్నాడు. పేరు విశ్వేశ్వరరావు. గోడకు క్యాలెండరు తప్ప ఇంకేమీ లేదు. చీటీలు రాసేందుకు మనిషి కూడా లేడు, అన్నీ ఆయనే. పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోనును ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. చూసి నిట్టూర్చాడు.

“దెబ్బ గట్టిదే తగిలిందమ్మా. ఊపిరికి ఇబ్బంది లేకుండా నిలబెడతాను. నొప్పీ పోతుంది. కానీ నేను అబద్ధం చెప్పను. ఎముక నుజ్జయింది. కొద్దిగా వంకర ఉండిపోతుంది.”

మహేశ్వరి ఉసూరుమంది. జ్యోత్స్న కుర్చీ ముందుకు జరుపుకుంది.

“కనవడ్తదా సార్?”

“కనబడుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు కనబడుతుంది. అద్దంలో రోజూ కనబడుతుంది.”

“ఎన్ని రోజులు?”

“రోజులేమిటమ్మా, బతికున్నన్నాళ్ళూ.” ఆయన గొంతు మెత్తబడింది. “బాధపడకు తల్లీ. చూడగా చూడగా అలవాటైపోతుంది.”

బాధపడే మనిషి కళ్ళలా లేవు అవి. పండగొచ్చినట్టు వెలుగుతున్నాయి.

“ఈ ఆపరేషన్ మీరే చెయ్యాలె సార్. వేరేటోళ్ళు ముట్టొద్దు.”

ఇంత నమ్మకం ఏ పేషెంటూ చూపించలేదేమో, పెద్దాయన మురిసిపోయాడు. చీటీ ముందుకు లాక్కుని కలం మూత తీశాడు.

“పేరు చెప్పమ్మా.”

“ఫణికిరణ్ అని రాయుండ్రి సార్, మా హాస్టల్ ఓనర్ కొడుకు,” అంటూ చున్నీ విప్పి, నిటారుగా ఉన్న తన ముక్కు మీది చెమట తుడుచుకుంది జ్యోత్స్న, “నేను మాఫీ అడుగనన్నందుకు దవాఖాన ఖర్చు నా నెత్తిన వెట్టిన్రు గని, మెట్ల మీద నా మీద చెయ్యేసినందుకు ఆ ముక్కు పలగ్గొట్టింది నేనే.”