రెండు గంటలకోసారి

రాస్తున్నావా మనవరాలా? నర్సు కాగితం తీసిన దగ్గర కదా ఆగాం. రాయి.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నర్సు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది. పెద్దామె మంచంలో కళ్లు మూసుకుని ఉంది. ఇక మందులు నొప్పికే గాని జబ్బుకి కాదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. పెద్దాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఈ రోజు పేషెంటు గురించి కాదు తాతగారూ, చూసుకునేవాళ్ల గురించి అడుగుతాను. ఆవిణ్ణి ఎన్నిసార్లు పక్కకి తిప్పుతున్నారు?"

"రెండు గంటలకోసారి, రాత్రీ పగలూ. లేకపోతే నడుం దగ్గర పుళ్లు పడవూ?"

"అంత బరువు ఒక్కరే ఎలా?"

"నడుం కింద దుప్పటి మడిచి పరిచి, దాన్ని పట్టి లాగితే మనిషి తనే తిరుగుతుంది. అదో కిటుకమ్మా."

"నీళ్లెలా తాగిస్తున్నారు?"

"గుక్కెడు ఒక్కసారి మింగుడు పడదు. చెంచాతో కొద్దికొద్దిగా పోసి, దూది తడిపి పెదాలకి అద్దడమే."

నర్సు ముచ్చటపడింది. "మా కొత్త నర్సులకి మీరే పాఠం చెప్పాలి!"

పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నాడు. గుమ్మం దగ్గర కోడలు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "మావయ్యా..." అంది.

"టీయేనా? పట్రామ్మా. మరి నువ్వు అడుగు అమ్మాయ్."

"నిద్ర?"

"ఎక్కడిది? కోడికునుకే."

"రోజూ నాలుగు గంటలుండే ఆయా ఒకామె ఉంది. అడిగిన ఇంటికే పంపుతాం. ఆ కాసేపు నిద్రపోవచ్చు. ఏడుపొస్తే ఏడవచ్చు. పంపనా?"

టీ తెచ్చిన కోడలు అక్కడే నిలబడిపోయింది.

పరాయి మనిషి గడప తొక్కితే వీధి ఏమంటుంది? పెళ్లాన్ని ఆయాకి వదిలేశాడంటుంది. పెద్దాయన గొంతుకి పరువు అడ్డం పడింది.

"ఎందుకమ్మా? మేం గుండ్రాళ్లలా ఉన్నాం. లేనివాళ్లకి పంపు."

ఇంటి పెద్ద ఒక మాట అన్నాక ఆ ఇంట్లో మరొకరు నోరెత్తరు. నర్సు 'అవసరం లేదు' అని రాసుకుని వెళ్లిపోయింది.

పెద్దామె ఇంకా రెండు నెలలుంది. పోయేనాటికి వీపు మీద ఒక్క పుండు లేదు. పలకరింపుకొచ్చినవాళ్లంతా పెద్దాయన చేతులు పట్టుకుని, "ఎంత చేశారండీ!" అన్నారు. ఆయన తల దించుకున్నాడు. దుఃఖమనుకున్నారు.

ఇక చాలు. మీ అమ్మ పనినుంచి రాగానే ఇది చదివి వినిపించు తల్లీ. నా నోటితో చెప్పలేను.

మీ నానమ్మని తిప్పిన చేతులు నావి కావు, మీ అమ్మవి.